తిరిగొచ్చిన కాంథా పాతదేనా?

బెంగాల్ కాంథా అంటే నలిగి మెత్తబడిన పాత చీరలను పొరలుగా పరచి కుట్టిన బొంత. చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతోనే పొరలన్నింటినీ కలిపి కుట్టేవారు. నడుమ పద్మం, మూలల్లో చెట్లు. కుట్టు వరసల మధ్య బట్ట సన్నని అలల్లా ముడతలు తేలేది. మిల్లు బట్ట వచ్చాక ఈ పని వెనకబడింది. ఇరవయ్యో శతాబ్దంలో శాంతినికేతన్‌లో, 1971 తర్వాత బంగ్లాదేశ్‌లో మళ్లీ ఊపందుకుంది. ఇప్పుడు ఆ కుట్టు కొత్త పట్టుచీరల మీద, అమ్మకానికి వేస్తున్నారు. మరి ఇది పాత కాంథాయేనా?

ఈ ప్రశ్నకు న్యాయదర్శనం అనుసరించే నైయాయికుల లెక్కలో దారాలు నశిస్తే వస్త్రమూ నశిస్తుంది. వస్త్రాలన్నింటిలో ఉండే జాతి, అంటే ‘వస్త్రత్వం’, మాత్రం నిత్యం. బౌద్ధులు ఆ జాతినీ ఒప్పుకోరు. రాత్రంతా వెలిగే దీపంలో తొలిజాము జ్వాల, కడజాము జ్వాల ఒకటీ కావు, వేరూ కావని బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’ చెబుతుంది. కాంథాకు ఈ జవాబే బాగా సరిపోతుంది: పల్లెటూరి ఆడవాళ్ల చేతుల్లో ఆ కుట్టు పూర్తిగా ఆగిపోలేదు కాబట్టే అది తిరిగి రాగలిగింది.

అయినా పారేయాల్సిన గుడ్డను నిలబెట్టుకోవాలన్న ఉద్దేశం మాత్రం పోయింది, అది చిన్న నష్టం కాదు. దీనికి భిన్నంగా, బౌద్ధ సంఘపు వినయ నియమాల ప్రకారం భిక్షువులు కొత్త గుడ్డనైనా ముక్కలుగా కోసి, అతికి కుట్టి తమ వస్త్రమైన చీవరం చేసుకుంటారు. అక్కడ గుడ్డ కొత్తదైనా వైరాగ్యమనే ఉద్దేశం నిలిచింది.