విజయకాలమున వినయము



ఆపత్కాలమున నీశ్వరుని దలచుట యెవరికిని నేర్పవలసిన పని కాదు. బిడ్డకు జ్వరము తగిలిన రాత్రియు, వ్యాజ్యము తలక్రిందులైన దినమునను, ఇంట గింజలు లేని పూటను, దైవమును నమ్మనివాని నోటనుండి సయితము దేవుని పేరు వెలువడును. జ్వరము దిగిన మఱునాటినుండియే మన ప్రార్థన కుఱుచయగును. వ్యాజ్యము గెలిచినచో వకీలుగారి తెలివిని, పంట పండినచో మన కష్టమును గొనియాడుకొందుము. కావున భక్తికి నిజమైన పరీక్ష కష్టకాలమునకంటె విజయకాలముననే జరుగునని మేము నమ్ముచున్నాము.

రాజా రామమోహనరాయలవారు 1816వ సంవత్సరమున నాంగ్లభాషలోనికి బరివర్తించి ప్రకటించిన కేనోపనిషత్తునం దీ విషయమును దెలుపు కథ యొకటి కలదు. బ్రహ్మము దేవతలకు జయము గూర్చెను. దేవతలో, ఆ జయము తమదే యనియు, ఆ మహిమ తమదే యనియు దలపోసిరి. అప్పుడు బ్రహ్మము యక్షరూపమున వారి యెదుట నిలిచెను. అది యేమో తెలిసికొని రమ్మని యగ్నిని బంపిరి. లోకమునందలి సర్వమును దహింపగలనని యగ్ని చెప్పుకొనెను. యక్షుడు వాని ముందొక గడ్డిపరక నుంచెను. అగ్ని తన బలమంతయు జూపియు దానిని గాల్పలేక మఱలెను. సర్వమును నెగురగొట్టగల వాయువు నా పరకను గదల్పలేకపోయెను. తుద కింద్రుడు వెళ్లగా యక్షు డదృశ్యుడయ్యెను. ఇంద్రుడు మాత్రము మఱలిపోక యచ్చటనే నిలిచి, ఆ యాకాశముననే కాన్పించిన హైమవతియగు ఉమను బ్రశ్నించెను. ఆమె, అది బ్రహ్మమనియు, మీరు గర్వించుచున్న జయము బ్రహ్మముదే యనియు దెలిపెను.

ఇందు మనము గమనింపవలసినది యొకటి. బ్రహ్మము దేవతలను శపింపలేదు, దండింపలేదు, ఒక గడ్డిపరకను మాత్రమే చూపెను. అగ్నికి దాహకశక్తి లేదని దాని యర్థము కాదు. ఆ శక్తి యెరవు సొమ్మని మాత్రమే యర్థము. మన బుద్ధియు, విద్యయు, వాక్కును, పలుకుబడియు నట్టి యెరవు సొమ్ములే. వానిని వినియోగించుట మన ధర్మము. వానికి మనమే కర్తలమనుకొనుట మన భ్రమ.

ఈ సత్యము మన యాంధ్రదేశ సంస్కరణ చరిత్రయందును గానవచ్చును. వితంతు వివాహములను ధర్మబద్ధము గావించు శాసనము 1856వ సంవత్సరముననే వెలువడెను. శాసనము పుట్టినంతనే హృదయములు మాఱలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున ప్రథమ వితంతు వివాహమును జరిపించుటకు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రావలసివచ్చెను. ఆ జయము పంతులుగారిదని లోక మనును. అందు సత్యము లేకపోలేదు. అయితే కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారి ధనము లేనిదే యది సాగునా? బెదరింపులకు లొంగక కావలి నిలిచిన విద్యార్థులు లేనిదే జరుగునా? బహిష్కారమునకు వెఱచి వంటవారును నీళ్లవారును మానివేయగా, గోదావరినుండి స్వయముగా నీరు మోసి వంట చేసిన రాజ్యలక్ష్మమ్మగారు లేనిదే యా పెండ్లిపందిరి నిలుచునా? ఊరెల్ల వేలెత్తి చూపుచుండ పీటలమీద గూర్చున్న యా బాలవితంతువు ధైర్యమును బంతులుగా రీయగలిగిరా? ఇందఱి హృదయములం దొకే కాలమున నొకే దీపమును వెలిగించిన హస్త మెవరిది? ఆ పంతులుగారే 1906వ సంవత్సరమున హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి ధారాదత్తము గావించిరి. తనది కానిదానిని తనదని పట్టుకొనకుండుటయే వినయము.

సంస్కారప్రియులకు మఱియొక యపాయము కలదు. జన్మముచే నెక్కువవారమను గర్వమును విడిచిన పిదప, సంస్కారముచే నెక్కువవారమను గర్వము మెల్లగా మన యింటికి వచ్చును. జందెమును దీసివేసిన చేయియే పొరుగువానిని మూఢుడని చూపును. విగ్రహమును విడిచినవా డాత్మస్తుతిని విడువడు. అది పాత కులమునకు గొత్త పేరే కాని వేఱు కాదు. నిన్నటిదాక మనమును నా చీకటిలోనే యుంటిమి గదా! వెలుగు మనము పుట్టించినది కాదు, మనపై బడినది.

ఈ గర్వమున కింకను సూక్ష్మమైన రూప మున్నది. "నేను కాదు, ఈశ్వరుడే చేయించుచున్నా" డనుచు నెవరి మాటయు వినకుండుటయే యది. కేశవచంద్రసేనులవారు 1870వ సంవత్సరమున నింగ్లండునం దపారమైన గౌరవము నందిరి. కన్యకు 14, వరునకు 18 సంవత్సరములు నిండవలెనను 1872వ సంవత్సరపు వివాహశాసనమునకై యాయనయే పాటుపడిరి. 1878వ సంవత్సరమున తమ కుమార్తెను కూచ్‌బిహారు మహారాజున కిచ్చునప్పటికి వధూవరు లిరువురకు నా యీడు రాలేదు. అది యీశ్వరాదేశమని వారు నమ్మిరి. సహోదరుల యభ్యంతరములు ఫలింపలేదు. ఆ సంవత్సరము మే నెలలోనే సమాజము చీలి, సాధారణ బ్రహ్మసమాజ మేర్పడెను. అంతటి భక్తుని నిందించుట కిది చెప్పుటలేదు. వారి హృదయమున కీశ్వరుడే సాక్షి. అంతటివారికే యా పరీక్ష తప్పనిచో, అల్పులమగు మన మెంత జాగరూకులమై యుండవలెనో తెలిసికొనుటకే చెప్పుచున్నాము. ఈశ్వరునిపై నాధారపడితిమను మాటకు గుఱుతు, తోడివారి ప్రశ్నకు చెవి యొగ్గుటయే. ఇంద్రునకు జ్ఞానము లభించినది బలముచే గాదు, నిలిచి యడుగుటచేతనే గదా!

అట్లయిన బ్రయత్నము మాని చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? కాదు. సేద్యగాడు దున్నకయే వానకై యెదురుచూడడు. దున్నితిని గనుక వాన నాదనియు ననడు. మనమును నట్లే పని చేయుదము. కార్యము సఫలమైన దినమున, అభినందనసభకు బోవుటకు ముందు, ఏకాంతమున గొంతసేపు కూర్చుండి, ఆ కార్యమునకు దోడ్పడిన వారి నొక్కొక్కరినే స్మరించుదము. వారిలో మనము కృతజ్ఞత చెప్పనివా రెంద ఱుందురో చూచుకొందము. మనలను విమర్శించినవారి మాటలో నిజమెంతయో విచారించుదము. కష్టదినమున నెంతసేపు ప్రార్థించితిమో సుఖదినమునను నంతసేపు ప్రార్థించుదము.

ఓ పరమేశ్వరా! ఓటమిలో నిన్ను వెదకితిమి. గెలుపులో నిన్ను మఱవకుండునట్లు గావుము. మా చేతులలో నీ వుంచిన శక్తిని మాదని దాచుకొనకుండ నీ బిడ్డల సేవకు వినియోగించు బుద్ధి నిమ్ము. మేము గర్వించునపుడు మా ముందొక గడ్డిపరక నుంచుము. దానిని జూచి సిగ్గుపడక, నిన్ను గూర్చి ప్రశ్నించి తెలిసికొను వినయము ననుగ్రహింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః