కరువు పోయేదాకా బాప్తిస్మం లేదు

ప్రకాశం తీరంలో బకింగ్‌హామ్ కాలువ గట్టున నడిచేవారికి అక్కడి ఒక ముక్కను మిషనరీ తవ్వించాడన్న సంగతి తట్టకపోవచ్చు. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు బోధకుడు. 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. అంతకుముందు తన దేశంలో సర్వేయరుగా పనిచేశారు. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ అనుభవం పదేళ్ల తర్వాత ఎవరూ ఊహించని తీరులో అక్కరకొచ్చింది.

1876లో ధాత కరువు వచ్చిపడింది. వానల్లేవు, గింజల్లేవు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు పోయాయి. మాదిగపల్లెలకు దెబ్బ ముందుగా తగిలింది. సొంత చేను లేని కూలి కుటుంబాలవి, పనికి పిలిచే రైతే పస్తున్నప్పుడు వాళ్లకు దిక్కెవరు? ప్రభుత్వం కరువు పనులు తెరిచింది గానీ, మనిషికి రోజుకు పౌను ధాన్యం, దాంతో ఒక అణా చాలునన్న బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క ఆ ఏళ్లదే. కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైబడిన భాగానికి క్లౌ తానే కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులను మేస్త్రీలుగా నిలబెట్టారు. మాదిగ కూలీలను కసిరి తరిమేవాళ్లు అక్కడ లేరు. ఆ కబురు ఊరూరా పాకి వేలమంది పారా, తట్టా పట్టుకుని వచ్చారు.

పని ఆగిన వేళ బోధకులు వాళ్ల మధ్యే కూర్చుని క్రీస్తు సంగతులు చెప్పేవారు. విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు.

సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టే చేతికి ఏ మాటైనా ఇస్తాడని ఆయనకు తెలుసు. సంఘాన్ని పెంచడానికే వచ్చిన మనిషి, జనం తామై వస్తుంటే ఆగమనడం చిన్న సంగతి కాదు. క్రైస్తవ విశ్వాసానికీ సత్క్రియకూ మధ్య ఉన్న బంధం ఇంత స్పష్టంగా కనబడిన ఘట్టం తెలుగు నేల మీద మరొకటి దొరకడం కష్టం.

ఆ బంధం గురించి బైబిలు రెండు మాటలు చెబుతుంది. రక్షణ దేవుని కృప వల్లనే, మన క్రియల వల్ల కాదని పౌలు ఎఫెసీయులకు రాశాడు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు హెచ్చరించాడు. పైకి ఎదురెదురుగా కనబడే ఈ రెంటినీ విశ్వాసి తన బతుకులో ఒకటిగా చూసుకుంటాడు. దేవుడు తనకు ఉచితంగా ఇచ్చాడని నమ్మినవాడు, తన చేతి సాయానికి వెల కట్టలేడు. పుణ్యం కూడబెట్టుకోవాలన్న ఆరాటం ఉండదు, పొందినవాడి నుంచి మతం మార్పునైనా బదులుగా కోరే హక్కూ ఉండదు. క్లౌ ఏడాదికి పైగా పట్టిన పట్టులో ఉన్నది ఇదే.

ఆ పట్టు ఆయనకు కొత్త కాదు. ఒంగోలు చేరిన తొలి రోజుల్లో, మాదిగలను చేర్చుకోకుంటే మేం వస్తామని పై కులాల వారు కొందరు మాట పంపారు. మిషన్ బడిలో ఆ కులాల పిల్లలు మానేశారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కంటబడింది: లోకం నీచంగా చూసినవారినే దేవుడు ఎంచుకున్నాడని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాట. మాదిగలకు తలుపు తెరిచే ఉంది.

తిండి కోసమే వచ్చారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ వినబడుతుంది. అడగదగిన ప్రశ్నే. వేలమంది మనసుల్లో ఏముందో ఎవరూ తూచి చెప్పలేరు. కానీ ఇచ్చినవాడు ఏం చేశాడన్నది మాత్రం చరిత్రలో నమోదై ఉంది. 1878 నడిమికి సాయం ఆపేశాకే బాప్తిస్మాలు మొదలయ్యాయి. మాకు సాయం వద్దు, బాప్తిస్మమే కావాలంటూ జనం ఊళ్ల నుంచి నడిచి వచ్చారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా నీళ్లలోకి దిగి, వంతులు మారుతూ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కాలువ కూలి అప్పటికే ఆగిపోయింది.