చార్వాకుణ్ణి ఎక్కడ వెతకాలి?

ప్రాచీన భౌతికవాదమైన చార్వాక దర్శనంపై పరిశోధనకు దిగిన విద్యార్థి ముందుగా తెరిచేది 14వ శతాబ్దపు ‘సర్వదర్శన సంగ్రహం’. అందులో మాధవాచార్యుడు తొలి అధ్యాయమే చార్వాకులకిచ్చాడు. కానీ ఆయన వేదాంతి, ఖండించడానికే వారి మాట ఎత్తుకున్నాడు. ప్రత్యర్థి చెప్పిన పూర్వపక్షాన్ని సాక్ష్యంగా తీసుకోవడం న్యాయమేనా?

తీసుకోక తప్పదు. చార్వాకుల మూలగ్రంథమని చెప్పే బృహస్పతి సూత్రాలు పూర్తిగా దొరకలేదు మరి. అయితే ఒక్కరి దగ్గరే ఆగకూడదు. 8వ శతాబ్దపు బౌద్ధుడు శాంతరక్షితుడి ‘తత్త్వసంగ్రహం’, జైనుడు హరిభద్రుడి ‘షడ్దర్శన సముచ్చయం’ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకరితో ఒకరికి పడని ఈ ముగ్గురూ ఒకే వాదాన్ని చార్వాకులదని చెబితే నమ్మకం పెరుగుతుంది. వీరిలో ఒకరిది మరొకరు ఎత్తి రాసుకున్నారేమో కూడా చూడాలి, అసలు కష్టం అక్కడే.

ప్రత్యర్థుల మాటలే కాక, చార్వాకులదని కొందరు భావించే గ్రంథం కూడా ఒకటుంది. 1926లో గుజరాత్‌లోని పాటణ్‌లో జయరాశి భట్టు ‘తత్త్వోపప్లవ సింహం’ తాళపత్ర ప్రతి బయటపడింది. 1940లో బరోడాలో అచ్చయింది. చార్వాకులు ఒప్పుకునే ప్రత్యక్ష ప్రమాణాన్ని సైతం ఖండించిన ఆ గ్రంథం చార్వాకులదేనా అన్న చర్చ పండితుల మధ్య ఇంకా నడుస్తోంది.