ఔషధమును ఆయనయే, వైద్యుడును ఆయనయే

నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్నది శిరివెళ్ల సీమ. తూర్పున నల్లమల కొండలు. ఆ కొండలలో నవనారసింహ క్షేత్రమైన అహోబిల దివ్యదేశము. సంక్రాంతి దినములలో అహోబిలేశుడు పల్లకినెక్కి పారువేటకు బయలుదేరి, సుమారు 40 దినములు పరిసర గ్రామములలో సంచరించును. తన కల్యాణమునకు భక్తులను స్వామి తానే వచ్చి పిలుచునని ప్రజల విశ్వాసము.

అవి మంచు కురియు దినములు. పల్లకి వచ్చువేళకు ఏదో ఒక యింట దగ్గు వినవచ్చుచునే యుండును. ఇల్లాలు అల్లము దంచి, నాలుగు మిరియములు, గుప్పెడు తులసి దళములు చేర్చి కషాయము కాచును. పచ్చిగానున్న అల్లమే ఎండిన పిమ్మట శొంఠి యగును. దానికి ఆయుర్వేదము విశ్వభేషజమని పేరిడినది. శొంఠి, మిరియములు, పిప్పళ్లు కలిసినచో త్రికటుకము. శొంఠి లేని కషాయము లేదని తెలుగు సామెత. అల్లము వికారమును తగ్గించునని నేటి వైద్యులును అంగీకరించుచున్నారు. శ్రీరామనవమి పానకములోను, బాలెంత తినెడి తొలి ముద్దలోను శొంఠి యుండును. కోవెల తీర్థములోని తులసియే పెరటి కోటలోను ఉన్నది.

ఇందులకు ఆశ్చర్యపడ నక్కరలేదు. శ్రీవిష్ణుసహస్రనామములలో ‘ఔషధమ్’ అనునది ఒక నామము. ‘భేషజమ్’, ‘భిషక్’ అనునవి మరి రెండు. అనగా మందును ఆయనయే, మందిచ్చు వైద్యుడును ఆయనయే. పాలకడలిని చిలికిన నాడు అమృతకలశము చేబూని ధన్వంతరిగా వెలువడినవాడును ఆ శ్రీహరియే. మందు పుచ్చుకొనునపుడు విష్ణుని స్మరింపవలెనని పెద్దలు చెప్పుటలోని భావమిదియే.

అయినను కొందరికి సందేహము కలదు. ప్రహ్లాదునకు విషము పెట్టినను ఏమియు కాలేదు గదా, నిజమైన భక్తునకు వైద్యుడేల? ప్రహ్లాదుడు విషమును తాను కోరి త్రాగలేదు, పరులు పెట్టిరి. స్వామిని పరీక్షింపవలెనని అతడు ఎన్నడును తలంపలేదు. చేతికందిన సహాయమును త్రోసివేసి మహిమ చూపుమనుట భక్తి కాదు, అహంకారము.

కావున వంటింటి వైద్యమునకు హద్దు తెలియవలెను. జలుబునకు, గొంతు గరగరకు, అజీర్ణమునకు అల్లము చాలవచ్చును. పసిబిడ్డ ఎగరొప్పుచున్నను, పాలు త్రాగకున్నను, జ్వరము వదలకున్నను కషాయముతో కాలహరణము చేయరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదు. అది ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. పొలములో పాము కరచినచో ఆకు పసరులకై వెదకక తత్క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. రక్తము పలుచనగుటకు మందులు వాడువారు అల్లమును, శొంఠిని మందుగా సేవింపదలచినచో ముందు వైద్యుని అడుగవలెను.

కషాయపు గిన్నెను దించి బిడ్డను ఎత్తుకొని వైద్యుని వాకిలికి పరుగెత్తిన తల్లి తన విశ్వాసమును వీడినది కాదు. ఔషధమను నామము నుండి భిషక్కను నామము కడకు నడచినది, అంతియే. రెండును ఒక్క స్వామి నామములే.

ప్రహ్లాదవరదుడు ఎల్లరకు ఆరోగ్యమును, దానితోపాటు వివేకమును ప్రసాదించుగాక!