ప్రతిజ్ఞయు పరిరక్షణయు

ఆడిన మాట తప్పరాదని పెద్దలు మనకు నేర్పిరి. కాని కొలతలేని మాట నిలిచినదో తప్పినదో తెలియుట యెట్లు? గృహవిషయమున చిన్నదిగా తోచు నీ ప్రశ్న, దేశములు లోకము నెదుట చేయు ప్రతిజ్ఞల విషయమున మిక్కిలి పెద్దదగుచున్నది.

2015లో పారిసు నగరమున కుదిరిన యొడంబడిక ననుసరించి, భూమి వేడెక్కుటను గూర్చి ప్రతిదేశమును తన ప్రతిజ్ఞను తానే వ్రాసి యీయవలెను. ఇందు రెండు ధర్మములు గలవు. వాయుమండలమును చెరచు పొగను తగ్గించుట మొదటిది. తప్పక రానున్న వానలకును, ఎండలకును, కరవులకును ప్రజలను సిద్ధపరచుట రెండవది. 2022 ఆగస్టులో మన దేశము సవరించి సమర్పించిన ప్రతిజ్ఞలో మొదటి ధర్మమునకు కొలత కలదు: స్థూలోత్పత్తిలో ప్రతి రూపాయికిని వెలువడు ఉద్గారములను 2005 నాటికంటె 2030 నాటికి నూటికి 45 వంతులు తగ్గింతుమని. రెండవదానికి వ్యవసాయము, జలవనరులు, తీరప్రాంతములు, ఆరోగ్యము మొదలగువానిపై పెట్టుబడి పెంచుదుమను వాక్యము గలదు, అంకె లేదు.

అశోక్‌నగరమున ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువకులు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి యీ 45ను కంఠస్థము చేయుదురు. వారికి సమీపముననే హుసేను సాగరపు మిగులునీటి నాలా అశోక్‌నగరము, నారాయణగూడ ప్రాంతముల మీదుగా పోయి మూసీలో కలియుచున్నది. 2000 ఆగస్టు 24న ఒక్క దినములో సుమారు 240 మిల్లీమీటర్ల వాన కురిసి, నాలా వెంబడి పల్లపు పేటలు మునిగినవి. 2020 అక్టోబరులో నగరము మరల మునిగినది. నాలాలను వెడల్పు చేయవలెనని 2003లోనే కిర్లోస్కరు సంస్థవారు నివేదిక నిచ్చి యుండిరి.

దీనికి కొంద రొక సమాధానము చెప్పుదురు. “ఈ వేడిమికి ముఖ్యకారకులు ధనికదేశములవారు; వ్యయము వారే భరింపవలెను.” ఈ మాట న్యాయమైనది. 2020 నాటికి ఏటేట పదివేల కోట్ల డాలర్లు సమకూర్తుమని 2009లో వారు చేసిన వాగ్దానము 2022లో గాని నెరవేరలేదు. ఐనను బాకీ వసూలగువరకు బిడ్డల కన్నము పెట్టనను తండ్రిని మన మేమందుము? ఇతరులు మనకు ఋణపడి యుండుట, మనవారికి మనము పడియున్న ఋణమును మాపదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలజనులను పొట్టబెట్టుకొన్న పిమ్మట హైదరాబాదు సంస్థాన మెవరికొరకును వేచియుండలేదు. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. ఆయన సూచనల ఫలితముగా 1920లో ఉస్మాను సాగరము, 1927లో హిమాయతు సాగరము సిద్ధమైనవి. ఆ ప్రతిజ్ఞకు కొలత కట్టయే.

అయితే కట్టయొక్కటే ధర్మము కాదు. నాలాను వెడల్పు చేయవలసినప్పుడు మొదట కన్నులకు కనబడునవి గట్టుమీది గుడిసెలు. ఎగువన పెరడంతయు సిమెంటు పరచి, వాననీటిని నేల కింకనీయక వీధిలోనికి త్రోయు మేడలు కనబడవు. నీటిని త్రోసిన దొకరు. దానిలో మునుగువా రొకరు. రక్షణపేరిట నిలువనీడ గోల్పోవువారును ఆ రెండవవారే! పేదవానిని వరదనుండి తప్పించి వీధిపాలు చేయుట పరిరక్షణ యనిపించుకొనునా?

లోకసభలలో చదువు పత్రమున చిక్కడపల్లి సందుల పేర్లు వ్రాయుట సాధ్యమా యని యడుగవచ్చును. సాధ్యము కాదు, అవసరమును లేదు. కాని దేశము మాట యిచ్చినచో రాష్ట్రమును, రాష్ట్రము పూనుకొన్నచో పురపాలక సంస్థయు దానిని పంచుకొనవలెను. ఆ క్రింది మెట్టున నాలుగు సంగతులు స్పష్టముగ నుండవలెను: ఏ పేట, ఎంత వానకు, ఏ సంవత్సరములోపల, ఎవరి బాధ్యతపై రక్షింపబడును? తొలగింపబడువారికి, తమ కూలిపనికి చేరువలో, ముందుగా ఇల్లెక్కడ? ఇది లేని ప్రతిజ్ఞ శుభాకాంక్ష మాత్రమే.

చదువరులారా! మన పెరటిలో నాలుగడుగుల మట్టి మిగుల్చుట, నాలాలో చెత్త వేయకుండుట మన విధులే. కాని వానితో తృప్తిపడి యూరకుండుట తగదు. ఎన్నికలనాడు మన గుమ్మమునకు వచ్చువారిని ఆ నాలుగు సంగతులును అడుగుడు. మన వీధి మునుగకున్నను అడుగుడు. మునుగువారి పక్షమున మునుగనివారు అడిగిననాడే యీ ప్రతిజ్ఞకు కొలత యేర్పడును.