యాత్రికుని బేరము

యాత్రకు బోయి వచ్చినవాడు వట్టిచేతులతో నింటికి రాగూడదని మన పెద్దలందురు. తీర్థమునకు బోయినవారు ప్రసాదముతోబాటు పిల్లలకొక బొమ్మయో, ఆడువారికి గాజులో, చీరయో తెచ్చుట మన కుటుంబములలో చిరకాలముగా వచ్చుచున్న మర్యాద. పట్టణములలోని పెద్ద యంగళ్ళన్నియు నిప్పుడొక్క తీరుననే యున్నవి. విజయవాడలో గొన్న వస్తువునకును ముంబయిలో గొన్న వస్తువునకును భేదము గానరాదు. ఆ యూరిది మాత్రమే యగు వస్తువు గావలెనన్నచో, దానిని చేయువాడే యమ్ముకొను చిన్న యంగడికి బోవలెను. కొండపల్లిలో బొమ్మలు, ఏటికొప్పాకలో లక్కపిడతలు, పోచంపల్లిలో చీరలు, శ్రీకాళహస్తిలో కలంకారీ యట్టివి. ఈ యంగళ్ళు చూడదగినవని చెప్పుటకై యొక వ్యాసము వ్రాయ బనిలేదు. అందడుగిడిన యాత్రికుడెట్లు వర్తింపవలెనను ప్రశ్నను మాత్రము మనము తగినంత విచారించినట్లు లేదు. అచ్చట బేరమాడుట న్యాయమా, కాదా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములవలన గలిగినది కాదు. కొన్నియేండ్ల క్రిందట మేము కొండపల్లి కోట చూడబోయి, దిగివచ్చుచు నొక బొమ్మల యంగడికి బోయితిమి. యజమాని వృద్ధుడు. అంబారీ యేనుగునొకదానిని చేతికిచ్చి ధర చెప్పెను. మేము సగము ధర కడిగితిమి. అతడు నవ్వెను. మేము లేచి గడపదాక నడచితిమి. అతడు పిలిచెను. తుదకు చెప్పినదానిలో మూడవవంతు తగ్గినది. బండిలో గూర్చున్న తరువాత మా నేర్పును మేమే మెచ్చుకొంటిమి. ఇంటికి వచ్చి బంధువులకు జెప్పి మరల మెచ్చుకొంటిమి. ఆ బొమ్మ యందమును గూర్చి చెప్పినదానికంటె ధర తగ్గించిన విధమును గూర్చి చెప్పినదే యెక్కువ.

రెండవమారు పోయినపుడు వాన పట్టుకొనుటచే ఆ యంగడిలోనే చాలసేపు నిలువవలసివచ్చెను. వెనుకగదిలో పని జరుగుచుండెను. తెల్లపొణికి యను మెత్తని తేలిక కొయ్యను దెచ్చి, సన్నని సెగపై నందలి తేమ పోగొట్టి, అవయవముల నొక్కొక్కటిగా వేరువేరుగ జెక్కుదురు. ఏనుగు తొండము వేరు, చెవులు వేరు, పైనున్న యంబారీ వేరు. చింతగింజల పిండిని రంపపుపొట్టుతో గలిపి చేసిన మక్కుతో వీనినన్నిటిని అతుకుదురు. అతుకు కానరాకుండ నునుపుచేసి, సున్నముపూత పూసి, ఆరిన పిదప మేకవెండ్రుకల కుంచెలతో రంగులు దీర్తురు. ఆ యింట కొయ్యపని పురుషులును రంగులపని స్త్రీలును చేయుచుండిరి. ఒక యువతి యేనుగు కన్ను దీర్చుటకై యూపిరి బిగబట్టుట మేము చూచితిమి.

వాన వెలిసిన పిదప మేము వెనుకటివంటి యేనుగే మరియొకటి యడిగితిమి. వృద్ధుడు రెండు బొమ్మలు దెచ్చి ముందుంచెను. దూరమునుండి చూచిన రెండును నొకటే. చేతబట్టి చూడగా నొకదాని యతుకులు కనబడుచుండెను, చెవులు మొద్దుగానుండెను, అంబారీ మీది లతలకు బదులు రెండు గీతలుండెను. ఇదేమని యడిగితిమి. “అయ్యా! ఇది మేము చెప్పిన ధరకు చేసిన బొమ్మ. అది మీరడిగిన ధరకు చేసిన బొమ్మ. బండి దిగి వచ్చువారందరును ఆ ధరయే యడుగుచున్నారు. రెండును మా చేతిపనియే” అని యతడు శాంతముగనే చెప్పెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే మాకు సిగ్గు కలిగెను.

బేరము స్వభావముచేతనే పాపమని మేమనము. హైదరాబాదులో చార్మినారు చెంతనున్న లాడ్ బజారుకు పోవు గృహిణి గాజుల బేరమాడును. అమ్మువాడును బేరమున్నదని యెరిగియే ధర చెప్పును. ఇరువురకు సరకు తెలియును, ఇరువురకు నాట తెలియును, మరుసటి పండుగకు మరల నిరువురు గలిసికొందురు. ఎవరును మోసపోరు. సమానుల నడుమ జరుగు నీ సంభాషణమున సరసము కూడ గలదు. యాత్రికుని బేరము వేరు. అతడు సరకెట్లు తయారగునో యెరుగడు, మరల రాడు, సాయంకాలమునకు బండి యెక్కి పోవును. అమ్ముడుపోనిచో రాత్రి వంట కేమనువానికిని, కొనకున్నను లోటు లేనివానికిని నడుమ జరుగునది బేరమని పేరేగాని, వాస్తవమున నొకని యవసరమును మరియొకడు తూచుట.

అట్లయిన నిశ్చితమైన ధర యుండుటయే మంచిదా? ఇంగ్లండులో 17వ శతాబ్దమున క్వేకరులను క్రైస్తవశాఖ వారీ ప్రశ్నను ధర్మప్రశ్నగనే యెత్తుకొనిరి. పుచ్చుకొనుటకు సిద్ధపడిన ధరకంటె నెక్కువ చెప్పుట యసత్యమని వారి గురువగు జార్జి ఫాక్సు బోధించెను. వారు ఒక్కటే మాట చెప్పసాగిరి. మొదట జనులు వారి యంగళ్ళకు బోవుట మానిరి. పిదప, పసిపిల్లను పంపినను మోసముండదని తెలిసి వారికడకే పోసాగిరి. ఇది గొప్ప విషయమే. కాని యందు అమ్మువాని సత్యము మాత్రమే విచారింపబడినది. కొనువాని సత్యము మాట యేమి? ఒక వస్తువు విలువ తెలిసికొన నిచ్చలేక, దాని నధికమని చెప్పుటయు నసత్యమే కదా!

ఇచ్చట నొక యాక్షేపణ రాగలదు. “మేము ధనవంతులము గాము. మితవ్యయము గృహస్థధర్మము. అదిగాక, యాత్రాస్థలములలో పరదేశి మొగము చూచి రెట్టింపు ధర చెప్పువారు లేరా? నకిలీని అసలని యంటగట్టువారు లేరా?” అని చదువరులడుగవచ్చును. ఉన్నారు. పోచంపల్లి పనినే చూడుడు. అచ్చట నూలును లెక్కప్రకారము చిటికి కట్టి, కట్టినచోట రంగంటకుండ ముంచి, ఆ తరువాతనే మగ్గమున కెక్కింతురు. కావున రంగు దారమునందే యుండి, బట్ట యిరువైపుల నొక్కతీరుగ గనబడును. పువ్వుల యంచులు కొంచెము చెదరినట్లుండును. ఆ పువ్వులనే మరబట్టపై నచ్చువేసి యదే పేరున నమ్మువారు గలరు. అట్టిదాని వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవుచుండును. చేనేతకు గొన్ని రకముల బట్టలను ప్రత్యేకించుచు 1985లో చట్టము పుట్టినది. కాని చట్టము ప్రతి యంగడి గుమ్మమునను నిలువజాలదు. చీరను త్రిప్పి చూచుట కొనువాని పని. త్రిప్పి చూడక ధర మాత్రమే యడుగువాని ముందర, నెలలు శ్రమించిన నేతగాడును ఒక దినమున నచ్చొత్తిన వ్యాపారియు సమానులే. అందు చవుకగా నిచ్చువాడే గెలుచును. కావున నకిలీకి తల్లి అమ్మువాని లోభమైనచో, దాది కొనువాని యజ్ఞానము.

ఎరుక కలిగిన కొనుగోలువలన నేమగునో ఏటికొప్పాకలో జూడవచ్చును. వరాహనది యొడ్డుననున్న ఆ గ్రామమున అంకుడుకొయ్యను గిరగిర త్రిప్పుచు లక్కకడ్డీ నానింతురు. రాపిడివేడికి లక్క కరగి కొయ్యకు బట్టుకొనును. మొగలియాకుతో మెరుగు దెత్తురు. నడుమ కొంతకాలము రసాయనపు రంగులు వచ్చినవి. అవి చవుక. అయితే బొమ్మ పసివాని నోటికి బోవు వస్తువు. పసుపు, జాఫరాగింజలు, నీలి మొదలగువాని రంగులను మరల బ్రవేశపెట్టుటకు సి. వి. రాజుగారు గ్రామస్థులతో గలిసి యెన్నియో యేండ్లు పాటుపడిరి. ఆ గ్రామపు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును, ఆయనకు 2023లో పద్మశ్రీయు లభించెను. ఈ కృషి నిలుచుటకు గ్రామస్థుల పట్టుదల యొక్కటియే చాలదు. రంగు దేనివలన వచ్చినదని యడిగి, ఆ జవాబునకు విలువకట్టి కొనిన తల్లిదండ్రులును గావలెను.

బేరము మాని జాలితో గొందమన్నచో నదియును మంచిది గాదు. “పాపము, పేదవాడు” అని యక్కరలేని వస్తువును గొని యటుకమీద బారవైచుట పనివానిని భిక్షువును జేయుటయే. అతడు మన దయను గోరలేదు. తన పనిని జూడుమనెను. చూచి, నచ్చనిచో నచ్చలేదని చెప్పి లేచిపోవుటయు గౌరవమే. ధర మనకు మించినదైనచో, పెద్ద యేనుగునకు బదులు చిన్న చిలుకను దాని సరియైన ధరకు గొనవచ్చును. ధర యెక్కువగా దోచినచో, తగ్గింపుమనుటకు ముందు “ఇది యెన్నినాళ్ళ పని?” యని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు నిజమైన పనివాడు సంతోషముతో జవాబు చెప్పును. నకిలీ యమ్మువాడు మాట మార్చును. మితవ్యయమునకును న్యాయమునకును ఇందు విరోధమే లేదు. తక్కువ వస్తువులు గొనుట మితవ్యయము. వస్తువునకు తక్కువ యిచ్చుట వేరు సంగతి.

ఆనాడు మేము కొండపల్లిలో రెండేనుగులను గూడ వృద్ధుడు చెప్పిన ధరకే కొంటిమి. అతడు రెండవదానిని చుట్టి యిచ్చుటకు కొంచెము సంకోచించెను. సంక్రాంతికి మా యింట బొమ్మల కొలువు పెట్టునపుడు రెండింటిని పక్కపక్కనే నిలుపుచున్నాము. చూడవచ్చిన పిల్లలు రెండవ యేనుగు చెవులట్లేల యున్నవని యడుగుదురు. పనివానికి చేతగాక కాదనియు, ఆ చెవులు మా బేరమువలన నట్లయినవనియు వారికి జెప్పుచున్నాము.