చవకగా దొరికినంత మాత్రాన దుబారా కాకుండా పోతుందా?

మేము పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ధార్మిక విద్య అభ్యసిస్తున్న రోజుల్లో మద్రసా గోడ అవతల అంతా గోధుమ పొలాలే. ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత ఒక ముసలి రైతు మమ్మల్ని ఆపి అడిగాడు: "మౌలవీ సాబ్! గోధుమకు ఎకరానికి రెండు బస్తాల యూరియా చాలని వ్యవసాయం వాళ్ళు అంటారు. నేను నాలుగు వేస్తాను. ఇందులో గునాహ్ ఏమైనా ఉందా?" మాది అప్పటికి చదువు పూర్తికాని వయసు. "పొలం మీది, డబ్బు మీది. గునాహ్ ఏముంది బాబా?" అనేశాము. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. అది తొందరపాటు జవాబని మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

మన తెలుగునాట గోధుమ సాగు తక్కువే. కాని మన ఇళ్ళలో రొట్టె అయ్యే పిండి, రమజానులో హలీమ్ దేగ్‌లో పడే గోధుమ ఎక్కువగా ఉత్తర, మధ్య భారత పొలాల నుంచే వస్తాయి. కనుక ఈ ప్రశ్న మనకూ సంబంధించినదే.

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. మొక్క దానితోనే మాంసకృత్తులు తయారు చేసుకుంటుంది. నత్రజని మరీ తక్కువైతే గింజ పాలిపోతుంది, పిండిలో జిగి తగ్గుతుంది. పూర్వపు పొడుగు గోధుమకు ఎరువు ఎక్కువైతే బరువుకు పడిపోయేది. 1960లలో వచ్చిన పొట్టి రకాలు ఎరువును తట్టుకుని నిలబడ్డాయి, కోట్లాది మంది ఆకలి తీరింది. ఇది అల్లాహ్ అనుగ్రహమే. యూరియాను శాపమని తిట్టేవారితో మేము ఏకీభవించము.

అయితే ఆ అనుగ్రహానికి ఒక కొలత ఉంది. మధ్యరకం నేలల్లో గోధుమకు ఎకరానికి 50 కిలోల నత్రజని, అంటే సుమారు 110 కిలోల యూరియా చాలునని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. అంతకు మించి వేస్తే పైరు నల్లపచ్చగా, చూడముచ్చటగా ఎదుగుతుంది. గింజ మాత్రం ఆ లెక్కన పెరగదు. కాడ మెత్తబడి మార్చి గాలివానకు నేలకొరుగుతుంది. మొక్క తీసుకోలేనిది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి భూగర్భ జలంలోకి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదన్నది మన దేశపు ప్రమాణం. అది మితిమీరిన నీటితో పాలపొడి కలిపి పడితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్ళు నీలిరంగుకు తిరుగుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో నాలుగో వంతుకు పైగా ఈ హద్దు దాటాయి. అందుకు ఎరువు ఒక్కటే కారణం కాదు, మురుగు నీరు, పశువుల పేడ కూడా కారణాలే. అయినా ఎరువు పాత్రను కాదనలేము.

ఇప్పుడు మా పాత జవాబును చూడండి. "డబ్బు మీది" అన్నాము. 45 కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించేది సుమారు 266 రూపాయలు. అసలు ఖరీదులో ఎక్కువ భాగం ప్రభుత్వ ఖజానా భరిస్తుంది, అంటే అది ప్రజల సొమ్ము. "పొలం మీది" అన్నాము. పొలం కింద పారే నీరు ఆయనదా? ఇతరులకు హాని చేయరాదన్నది ఫిఖ్హ్‌లో మూల సూత్రాల్లో ఒకటి.

వుజూ చేస్తున్న హజ్రత్ సాద్ (రజి) నీరు ఎక్కువ వాడుతుండగా దైవప్రవక్త (సఅసం) వారించారనీ, పారే నది ఒడ్డున ఉన్నా సరే దుబారా కూడదని చెప్పారనీ ఇబ్నె మాజాలో ఉంది. దాని సనదుపై ముహద్దిసులు చర్చించిన మాట నిజమే. భావం మాత్రం ఇస్రాఫ్‌ను గురించిన ఖుర్ఆన్ బోధనకు అనుగుణంగానే ఉంది. నదిలో నీటికి కొదవ లేదు, ధర అసలే లేదు. అయినా దుబారా దుబారాయే అయింది.

మరి కొలత ఎవరు చెప్పాలి? మేము కాదు. మదీనా వాసులు మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడచెట్లకు అద్దేవారు. ప్రవక్త (సఅసం) అన్న ఒక మాట విని ఆ పని మానేస్తే కాపు తగ్గింది. అప్పుడు ఆయన, ఇలాంటి ప్రాపంచిక విషయాలు మీకే బాగా తెలుసునన్నారు. ఇది సహీహ్ ముస్లిం హదీసు. కనుక నత్రజని లెక్క వ్యవసాయ శాస్త్రం తెలిసినవారినే అడగాలి. వారు చెప్పే ఉపాయాలు కష్టమైనవి కావు. ఎరువంతా ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వేయడం, విత్తిన మూడు వారాలకు వేళ్ళు దిగే అదనులో మొదటి తడికి జతచేయడం, ఆకు రంగు పట్టీని పైరు ఆకు పక్కన పెట్టి చూసి అవసరమైతేనే మళ్ళీ వేయడం. పప్పుజాతి పంట తర్వాత, పశువుల ఎరువు తోలిన చేలో ఇంకా తగ్గించవచ్చు.

తెలియక ఎక్కువ వేసినవాడు వేరు. కొలత తెలిసి కూడా పక్క చేను కంటే తన చేను పచ్చగా కనబడాలని వేసేవాడు వేరు. అతనిది ఇస్రాఫ్ అనడానికి మాకు సంకోచం లేదు. ఇక మూడోవాడున్నాడు. కౌలు ముందే కట్టి, అప్పు తెచ్చి, పంట తగ్గితే ఇల్లు గడవదన్న భయంతో ఇంకో బస్తా గుమ్మరిస్తాడు. అతనికి తవక్కుల్ గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. ఎరువు తగ్గించి చూడు, నష్టం వస్తే కౌలులో తగ్గిస్తానని చెప్పే భూస్వామి మాత్రం మాకు ఇంతవరకు తారసపడలేదు. ఈ దుబారాలో ఆ భూస్వామి వంతు కూడా ఉందని మా అభిప్రాయం.

ఆ ముసలి రైతు ఈనాడు ఎదురైతే వెంటనే జవాబు చెప్పము. పొలం సొంతమా, కౌలుదా అని ముందు అడుగుతాము. తర్వాత, ఆ బోరు నీళ్ళు ఎవరెవరు తాగుతారని అడుగుతాము.